రూపాయికి ఎంత ధైర్యం?

"మీ పేరు చెప్పండి తాతా. ఆపరేషన్ ఎటువైపు?"

స్ట్రెచర్ మీదున్న పెద్దాయన నా మొహంలోకి చూశాడు. తర్వాత మత్తు డాక్టరు గారి మొహంలోకి చూశాడు. "ఎటువైపో మీకే తెలీదా సిస్టరమ్మా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే హడలిపోయాడు. అప్పటికి వార్డులో ఒకసారి, థియేటర్ గుమ్మం దగ్గర ఒకసారి అదే ప్రశ్న అడిగి ఉన్నాం. మూడోసారికి ఆయనకి నమ్మకం పోయింది.

మేం అడిగేది ఆయన మంచికే. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ల కోసం 19 అంశాల పట్టిక ఒకటి తెచ్చింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని థియేటర్ దాటించే ముందు ఆగి, పైకి చదివి, సరిచూసుకోవాలి. ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో వాడి చూస్తే మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009 జనవరిలో లెక్కలు వచ్చాయి. అందులో మొదటి గడే రోగితో పని: నీ పేరేంటి, ఏ ఆపరేషన్, ఎక్కడ, నువ్వు ఒప్పుకున్నావా. కుడి బదులు ఎడమ కోయకుండా కాపాడేది ఆ గడే. ఆ గడే ఈ తాత గుండెలో రాయి వేసింది.

కోస్తాలో ఒక పెద్దాసుపత్రి థియేటర్లో ఎనిమిదేళ్ళు పనిచేసి, ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరాను. రెండో ఏడు థీసిస్‌కి ఏం తీసుకోవాలా అని కొట్టుకుంటుంటే ఆ తాత గుర్తొచ్చాడు. క్షేమంగా ఉండటం వేరు, క్షేమంగా ఉన్నానని లోపల అనిపించడం వేరు. మొదటిదాన్ని కొలవడానికి మా దగ్గర బీపీ, పల్స్, ఆక్సిజన్ శాతం, కుట్టిన సూదుల లెక్క, మూటగట్టిన గుడ్డల లెక్క అన్నీ ఉన్నాయి. రెండోదానికి ఏముంది? మా గైడ్ మేడం విని, "కొలవగలవా?" అంది. కొలుస్తానన్నాను. తెలియనితనం.

ముందు ఉన్నవాటిని చూశాను. ఆందోళన కొలిచే పాత ప్రశ్నావళి ఒకటుంది, 40 వాక్యాలు. నడుముకి మత్తు సూది వేయించుకుని అరగంటైన మనిషికి 40 వాక్యాలు చదివి వినిపిస్తే నాకే పాపం తగులుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1996లో తయారైన పొట్టిది ఇంకోటి ఉంది, ఆరే ప్రశ్నలు: మత్తు గురించి భయం, ఆపరేషన్ గురించి భయం, ఇంకా తెలుసుకోవాలని ఉందా. చక్కగా ఉంటుంది. కానీ అది ఆపరేషన్‌కి ముందు భయాన్ని కొలుస్తుంది. నాకు కావాల్సింది బల్ల మీద ఉన్నంతసేపు మనసులో ఏముందనేది. పైగా భయం లేకపోవడమే ధైర్యం కాదు. భయంతో వణుకుతూ కూడా "వీళ్ళ చేతిలో పెట్టాను, వీళ్ళే చూసుకుంటారు" అనుకునేవాళ్ళని ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను. భయమే లేకుండా, ఎవరినీ నమ్మకుండా, పళ్ళు బిగించి పడుకునేవాళ్ళనీ చూశాను. రెండూ వేర్వేరు గీతలు.

కాబట్టి నేనే పన్నెండు వాక్యాలు రాశాను, ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో. అక్కడ పడ్డాను బోర్లా.

మొదటి వాక్యం: "శస్త్రచికిత్స సమయంలో నేను సురక్షితంగా ఉన్నట్లు భావించాను." పద్ధతి ప్రకారం ఇంగ్లీషు నుంచి తెలుగులోకి ఒకరు రాయాలి, అసలు చూడని ఇంకొకరు తెలుగు నుంచి మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పాలి, రెండూ సరిపోవాలి. జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మా వదిన తిప్పిపెట్టింది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. నిపుణుల కమిటీ సంతోషపడింది. ఆ కాగితం పట్టుకుని వార్డుకి వెళ్తే గర్భసంచి ఆపరేషన్ అయిన ఒకామె, "సురక్షితం అంటే ఏంటమ్మా, ఆ బోర్డుల మీద రాస్తారే, అదా?" అంది. సరే, మాట మార్చి "భద్రంగా అనిపించిందా" అని పక్క మంచం ఆయన్ని అడిగాను. "భద్రతకేం లోటు లేదమ్మా. గేటు కాడ సెక్యూరిటీ వాడు మా అల్లుణ్ణి కూడా రానివ్వలా" అన్నాడు. వార్డంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల థీసిస్ గాల్లో దీపం అయిపోయింది. మా వదినకీ నాకూ ఒకే నిఘంటువు ఉందని తేలిందే తప్ప, మంచం మీది మనిషికి అర్థమైందో లేదో ఆ తిప్పుడు చెప్పలేదు.

అప్పుడు కాగితం పక్కన పెట్టి, నెలరోజులు ఊరికే మాట్లాడాను. "లోపల ఉన్నప్పుడు ఎలా అనిపించింది?" అంతే ప్రశ్న. వాళ్ళ మాటలు చిన్న నోటుబుక్కులో రాసుకున్నాను. పై ప్రాణాలు పైనే పోయినయ్. గుండె నిబ్బరం చేసుకున్నా. దేవుడి మీద భారం వేశా. కాళ్ళు నావి కావనిపించింది. ఎవరూ నా వంక చూడలా. ఒక కుర్రాడు, సిమెంటు పని చేసేవాడు, కాలికి రాడ్డు వేశారు. చాలాసేపు ఆలోచించి, "ఏమన్నా అయితే వీళ్ళున్నార్లే అనిపించిందక్కా" అన్నాడు.

నేను వెతుకుతున్న వాక్యం అదే. సురక్షితం లేదు, భద్రత లేదు, భావించడం అసలే లేదు. "ఏమన్నా అయితే చూసుకోడానికి వీళ్ళున్నార్లే అనిపించింది" అన్నది నా కొత్త మొదటి వాక్యం అయింది. మిగతా పదకొండూ అలాగే వాళ్ళ నోటి నుంచే తీసుకున్నాను. గైడ్ మేడం చూసి "ఇదేం భాష?" అంది. "పేషెంట్ల భాషే మేడం" అన్నాను. ఎర్రపెన్ను మూసేసింది.

ఇక కొలత. "పూర్తిగా ఏకీభవిస్తున్నాను, కొంతవరకు ఏకీభవిస్తున్నాను, తటస్థం" అని ఐదు మెట్లు చదివితే మూడో మెట్టుకి వచ్చేసరికి మొదటిది మర్చిపోతున్నారు. పది సెంటీమీటర్ల గీత గీసి, మీ ధైర్యం ఎంతో అక్కడ గీటు పెట్టమంటే సగంమంది పెన్ను పట్టుకోడానికే సిగ్గుపడ్డారు, ఒకాయన గీత చివర సంతకం పెట్టాడు. నవ్వే మొహం ఏడ్చే మొహం బొమ్మలు చూపిస్తే, "ఇది చిన్నపిల్లల వార్డుది కదమ్మా" అన్నారు.

దారి చూపించింది మా మేనత్త. థైరాయిడ్ గడ్డ తీయించుకుంది. "ఎలా ఉంది అత్తా, ధైర్యంగానే ఉన్నావా?" అని ఫోన్లో అడిగితే "రూపాయికి ముప్పావలా ఉందే" అంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఏమీ లేదు, పావలా, అర్ధ, ముప్పావలా, రూపాయి. ఐదు మెట్లు! పుస్తకంలో ఉన్నట్టే ఐదు, ఒక్కో మెట్టుకీ మధ్య దూరం కూడా సమానం, అడగబోయే మనిషికి పుట్టినప్పటినుంచీ తెలిసిన లెక్క. పావలా బిళ్ళ 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది గానీ మాటలో ఇంకా చెల్లుతోంది. డ్వాక్రా ఆడవాళ్ళకైతే పావలా వడ్డీ పుణ్యమా అని విడమరిచి చెప్పే పనే లేదు. ఇరవై ఏళ్ళ పిల్లలకి మాత్రం అట్టముక్క మీద గుండ్రం గీసి నాలుగు ముక్కలు చేసి చూపించాల్సి వచ్చింది. ఎథిక్స్ కమిటీకి మళ్ళీ అర్జీ పెట్టుకుని ఈ మార్పుకి ఒప్పుకోలు తెచ్చుకునేసరికి ఆరు వారాలు పోయాయి. ఆ ఆరు వారాల గురించి రాయను, నా బీపీకి మంచిది కాదు.

మొదటి విడత పది మందిని అడిగాను. అందరూ రూపాయి. దాదాపు అన్నిటికీ రూపాయి. "బాగా చూశారమ్మా, అంతా రూపాయే రాసుకో." కంప్యూటర్లో వేస్తే మూడు వాక్యాలని సాఫ్ట్‌వేర్ లెక్కలోంచి తీసేసింది. పది మందిలో ఒక్కరికీ తేడా లేకపోతే ఆ వాక్యం ఏమీ కొలవడం లేదని దాని ఉద్దేశం. వాక్యాలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయా అని చూసే ఆల్ఫా కనీసం 0.7 ఉండాలంటారు. తేడాయే లేని చోట ఆల్ఫా ఎక్కణ్ణించి వస్తుంది?

థియేటర్ మంచిదైతే సంతోషమే. కానీ ఆ పది మందిలో ఇద్దరి ఆపరేషన్‌కి నేనే పక్కనున్నాను. ఒకామె కళ్ళలోంచి ధారగా నీళ్ళు కారుతుంటే గాజుగుడ్డతో తుడిచింది నేనే. ఆమే రూపాయి అంటోంది.

ఆలోచిస్తే తప్పు నాదే. తెల్ల యూనిఫాం వేసుకుని, మెడలో గుర్తింపు కార్డుతో, చేతిలో కేస్ షీటు లాంటి కాగితంతో మంచం పక్కన నిలబడి అడుగుతున్నాను. రేపు కుట్లు చూసేది నేనే, డిశ్చార్జి కాగితం తెచ్చేది నేనే. నా మొహం మీదే "మీరు సరిగ్గా చూడలేదు" అని ఎవరంటారు? ఒకాయన నెమ్మదిగా అడిగాడు కూడా, "ఇది రాస్తే ఆరోగ్యశ్రీలో ఏమన్నా ఆగిపోద్దా?" అని. ఇంకొకామె నన్ను ఆరోగ్యమిత్ర అనుకుంది. భర్త పక్కనుంటే ఆమె నోరు విప్పేలోపే ఆయనే, "దానికేం భయం లేదండీ, మొండిది" అనేవాడు. మొండిది అటు తిరిగి పడుకునేది.

రెండో విడతకి చీర కట్టుకుని వెళ్ళాను. సాయంత్రం రౌండ్లు అయ్యాక, నా డ్యూటీ లేని వార్డుల్లో మాత్రమే. స్టూలు వేసుకుని మంచం ఎత్తుకి కూర్చున్నాను. తోడొచ్చినవాళ్ళని టీకి పంపాను (డబ్బులు నావే, థీసిస్ ఖర్చుల్లో రాసుకునే వీలు లేదు). రూపాయి అట్టముక్క వాళ్ళ చేతికే ఇచ్చి, వేలు పెట్టి చూపించమన్నాను, నోటితో చెప్పక్కర్లేదని. ముందుగా ఒకటి చెప్పేదాన్ని: "ఇంతకుముందు ఒకామె నాకు పావలా కూడా ధైర్యం లేదంది. ఎవరికెలా ఉంటే అలాగే చెప్పొచ్చు." ఈ చివరి మాట పద్ధతి ప్రకారం తప్పని, జవాబు వైపు నెట్టినట్టవుతుందని తర్వాత వైవాలో గట్టిగానే అడిగారు. ఒప్పుకున్నాను. కానీ అది లేకపోతే అందరూ రూపాయే. రెండు తప్పుల్లో చిన్నదాన్ని ఎంచుకున్నాను.

నడుముకి మత్తిచ్చిన వాళ్ళనే తీసుకున్నాను, వాళ్ళు మెలకువగా ఉంటారు కాబట్టి. అందులోనూ ఒక చిక్కు. కొందరికి కుదురుగా ఉండటానికి మిడజోలామ్ అనే మందు ఇస్తారు. అది పడ్డాక మనిషి మనతో మాట్లాడతాడు, చేయి ఎత్తమంటే ఎత్తుతాడు, మర్నాడు అడిగితే "నాకేం తెలీదు, హాయిగా పడుకున్నా" అంటాడు. ఆ ధైర్యం మందుదా మనిషిదా? వాళ్ళ కాగితాల మీద మూలన ఒక చుక్క పెట్టి వేరే కట్ట కట్టాను.

ఇక్కణ్ణించి అసలు సంగతులు రావడం మొదలైంది. కత్తి గురించి ఎవరూ మాట్లాడలేదు.

కూనిరాగం గురించి మాట్లాడారు. మానిటర్ మామూలుగా కూస్తూ, ఉన్నట్టుండి గోల పెడుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. ప్రతి ఐదు నిమిషాలకీ. "నా గుండె ఆగి ఆగి కొట్టుకుంటోందనుకున్నా" అన్నారు ఒకరు కాదు, ఇద్దరు కాదు. మాకు తెలిసిన విషయం ఏంటంటే, బీపీ పట్టీ, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు ఒకే చేతికి ఉంటే పట్టీ బిగుసుకున్నప్పుడల్లా వేలికి రక్తం అందదు, క్లిప్పుకి నాడి దొరకదు, అలారం మోగుతుంది. మేం చెవి కూడా తిప్పం. ఎనిమిదేళ్ళలో ఆ మోత వినిపించినప్పుడు ఒక్క మనిషికైనా "ఇది చేతి పట్టీ వల్ల, మీ గుండె బానే ఉంది" అని చెప్పానా? లేదు. పట్టీ ఒక చేతికి, క్లిప్పు ఇంకో చేతికి పెడితే ఆ మోతే ఉండదు.

తర్వాత, తాకినట్టు తెలియడం. నడుము సూదితో నొప్పి పోతుంది గానీ లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. ముందే చెప్పిన వాళ్ళకి అది మామూలు సంగతి. చెప్పని వాళ్ళకి అది మత్తు ఎక్కలేదన్న సాక్ష్యం. "తెలుస్తోంది తెలుస్తోంది అని అరిచా, ఊరుకోవమ్మా అన్నారు." ఈ "ఊరుకోవమ్మా" నా నోటుబుక్కులో చాలాసార్లు ఉంది. కాస్త సిగ్గుగానే చెప్తున్నాను, వాటిలో కొన్ని నావే అయ్యుంటాయి.

ఇంగ్లీషు. లోపల నవ్వుకుంటూ తెలుగులో సినిమా కబుర్లు చెప్పుకునే డాక్టర్లు ఒక్కసారి ఇంగ్లీషులోకి మారితే బల్ల మీది మనిషికి గుండె జారుతుంది. మనకి దాచాల్సిందేదో జరిగిందని. కబుర్లు చెప్పుకోవడం మీద కోపం ఉంటుందనుకున్నాను, చాలామందికి లేదు. "కబుర్లాడుకుంటున్నారంటే అంతా బానే ఉన్నట్టేగా" అన్నాడు ఒక లారీ డ్రైవరు. నా పన్నెండు వాక్యాల్లో "నా మీదే ధ్యాస పెట్టారు" అని ఒకటి రాసి, దానికి రూపాయి పడితే మంచిదనుకున్నాను. ఆయన లెక్కలో అందరూ తన మీదే ధ్యాస పెట్టి నిశ్శబ్దంగా ఉంటే అదే అపశకునం. ఆ వాక్యం తీసేశాను.

అన్నిటికన్నా ఎక్కువసేపు నన్ను కూర్చోబెట్టింది తాళి. నగలన్నీ తీసి థియేటర్లోకి రావాలి, కరెంటుతో రక్తం ఆపే పరికరం వాడతారు కాబట్టి ఒంటి మీద లోహం ఉండకూడదు. గాజులు, మెట్టెలు, పుస్తెలు, అన్నీ. తెలిసిన ఇళ్ళల్లో ముందే పసుపుకొమ్ము కట్టిన దారం వేసుకుని వస్తారు. తెలియనివాళ్ళకి గుమ్మం దగ్గర ఆయా చేయి చాపి "తీసెయ్ తీసెయ్, టైం అవుతోంది" అంటుంది. నలభై ఐదేళ్ళావిడ, పిత్తాశయంలో రాళ్ళని చెప్పి చివరికి వేరే ఆపరేషన్ చేశారు, అన్నిటికీ ముప్పావలాలూ రూపాయిలూ చూపించి చివర అంది: "మీరు అడగందొకటుందమ్మా. మెడలో ఏమీ లేకుండా పడుకున్నా చూడు, ఇక తిరిగి రానేమో అనిపించింది. సూదికి కాదు ఏడ్చింది." ఆమె కళ్ళు తుడిచింది నేనే. సూది నొప్పి అనుకుని, "చిన్న సూదేనమ్మా" అన్నది కూడా నేనే.

పదమూడో వాక్యం అలా వచ్చింది. ఏ ఆమ్‌స్టర్‌డామ్ నుంచీ వచ్చేది కాదది. దాన్ని మగవాళ్ళని ఎలా అడగాలన్నది ఇంకో తలనొప్పి. మొలతాడు అన్నాడు ఒక సహాధ్యాయి. నిజమే, అదీ తెంపేస్తాం.

మొత్తం అరవై మందిని అడిగాను. ఆల్ఫా గట్టెక్కింది. అంకెలు థీసిస్‌లో ఉన్నాయి, అరవై మంది ఒక ఆసుపత్రి లెక్క కాబట్టి వాటిని ఇక్కడ ఊరేగించను. పని నడుస్తుండగానే నేను మార్చుకున్నవి మాత్రం చెప్తాను. పేరు, వైపు అడిగే ముందు ఇప్పుడు ఒక మాట కలుపుతున్నాను: "మాకు తెలుసు తాతా, కాగితంలో రాసే ఉంది. అయినా ఎంతటివాళ్ళనైనా మూడుసార్లు అడగడం ఇక్కడి పద్ధతి. మీరు చెప్తే మేం సరిచూసుకుంటాం." పది సెకన్లు పట్టదు. అడిగేవాళ్ళకి తెలియక అడగడం లేదని తెలిసేసరికి కొందరు పెళ్ళిచూపుల్లో చెప్పినట్టు ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్తున్నారు. పసుపుకొమ్ము దారాలు నాలుగు నా డ్రాయర్లో ఉంటున్నాయి. మత్తు డాక్టరు చదువు చదివే పీజీ కుర్రాడు ఒకడు పట్టీ ఒక చేతికి, క్లిప్పు ఒక చేతికి పెట్టడం అలవాటు చేసుకున్నాడు. ఎందుకని వాళ్ళ సీనియర్ అడిగితే "సిస్టర్ గారి థీసిస్ సార్" అన్నాడట, అదేదో జబ్బు పేరైనట్టు.

థీసిస్ బైండింగుకి ఇచ్చే వారంలో, ఫోన్ నంబరు ఇచ్చినవాళ్ళకి కుట్లు ఎలా ఉన్నాయో కనుక్కుందామని ఫోన్ చేశాను. లెక్క కోసం కాదు. హెర్నియా ఆపరేషన్ అయిన ఒక మామ్మ, వార్డులో అన్నిటికీ రూపాయి మీద వేలు పెట్టినావిడ, పొలం గట్టు మీదుండి ఎత్తింది. కుట్లు మానాయంది. మేకలు అమ్మేశానంది. తర్వాత తనే, "ఆ రోజు రూపాయిలు అడిగావు కదా పిల్లా" అంది.

"అవును మామ్మా."

"అందులో ఒకటి తప్పు చెప్పా. నా మీద గుడ్డ తీసేసి చాలాసేపు అట్టాగే ఉంచారు. మగపిల్లలు అటూ ఇటూ తిరుగుతున్నారు. అది పావలా కూడా కాదు."

"మరి అప్పుడే చెప్పలేదేం మామ్మా?"

"నువ్వు ఎదురుగా కూచుంటివి, ఎట్టా చెప్పను?"

నా ఫారంలో ఫోన్ జవాబుకి గడి లేదు. లెక్కలు ముగించేశాం, ఇప్పుడు మార్చకూడదు. ఆమె కాగితం కట్టలోంచి తీసి, ఆ వాక్యం పక్కన మార్జిన్లో పెన్సిల్‌తో సున్నా చుట్టి, తారీఖు వేశాను.